ఒక్క రూపాయి ప్యాకెట్

హోసూరులో గాని, షోలాపూరులో గాని, బరంపురంలో గాని, యానాంలో గాని ఏదైనా చిన్న కిరాణా కొట్టు ముందు నిలబడి పైకి చూడండి. మామిడాకుల తోరణంలాగా రంగురంగుల ప్యాకెట్లు వేలాడుతూ ఉంటాయి. షాంపూ, కాఫీపొడి, కొబ్బరినూనె, ఊరగాయ, సబ్బుపొడి అన్నీ ఆ తోరణంలోనే ఉంటాయి. కొన్నింటి వెల ఒక రూపాయి, కొన్నింటిది రెండు, మరికొన్నింటిది అయిదు. కొంటాం, చింపుతాం, వాడుకుంటాం, పారేస్తాం. ఈ పనులన్నింటికీ కలిపి పది నిమిషాలు పట్టదు. పారేసిన ప్యాకెట్ మాత్రం మట్టిలో ఎన్నో సంవత్సరాలు అలాగే ఉండిపోతుంది.

ఇలాంటి చిన్న ప్యాకెట్‌ను కంపెనీలవారు ‘సాషే’ అంటారు. వాడి పారేసే అలవాటు విదేశాల నుంచి దిగుమతి అయిందని పెద్దలు తరచుగా అంటుంటారు. అందులో కొంత నిజం ఉంది. కాని మనదేశపు షాంపూ ప్యాకెట్‌కు పుట్టిల్లు తమిళనాడు తీరంలోని కడలూరు. అందువల్ల ఈ కథను మనం మన ఇంటి కథగానే చదువుకోవాలి.

షాంపూ రాకముందు దక్షిణాదిన తలంటుకు కుంకుడుకాయ, శీకాయ వాడేవారు. కుంకుడును తమిళులు పూందికొట్టై అంటారు. కన్నడంలో అది అంటువాళ. మరాఠీ, ఒడియా భాషల్లో రిఠా. మీ ఇరుగుపొరుగు వారిని అడిగితే ఎవరి పేరుతో వారు చెబుతారు. ఎండిన కాయలను కొట్టి, గింజలు తీసేసి, పెచ్చులను వేడినీళ్ళలో నానబెట్టి పిసికితే నురుగు వస్తుంది. ఆ కాయలో సాపోనిన్ అనే పదార్థం ఉంటుంది. జిడ్డును విడదీసేది అదే. పట్టుచీరలు ఉతకడానికీ, బంగారు నగలు మెరుగు పెట్టడానికీ కూడా ఈ రసమే వాడేవారు. పిప్పి మొక్కల మొదట్లోకి పోయేది. నల్లని గింజలు పిల్లల ఆటలకు పనికివచ్చేవి. పారేయడానికి ఏమీ మిగిలేది కాదు.

అయితే కుంకుడురసాన్ని మరీ ఆకాశానికి ఎత్తడం కూడా న్యాయం కాదు. కంట్లో పడితే మంట పుడుతుంది. కాయలు కొట్టడం, నానబెట్టడం, వడకట్టడం గంట పని. ఆ పని ఇంట్లో ఎవరు చేసేవారో మీకు తెలుసు. అమ్మో, అమ్మమ్మో, నాయనమ్మో చేసేవారు. ఆ శ్రమను తగ్గించే వస్తువు ఏది వచ్చినా ఆడవాళ్ళు దాన్ని ఆదరించడంలో తప్పు లేదు.

షాంపూ అన్న మాట కూడా ఇంగ్లీషువారి సొంతం కాదు. తలను ఒత్తడం, మర్దన చేయడం అనే అర్థంలో హిందీలో ఉన్న ‘చాంపో’ అనే మాట నుంచి అది పుట్టింది. పాట్నాలో పుట్టి ఇంగ్లండుకు వెళ్ళి స్థిరపడిన షేక్ దీన్ మహమ్మద్ పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్ళలో బ్రైటన్ నగరంలో ‘షాంపూ స్నానాల’ శాల నడిపాడు. మన మాట అక్కడికి వెళ్ళి, సీసాలో కూర్చుని, తిరిగి మన దగ్గరికి వచ్చిందన్నమాట. కాని ఆ సీసా వెల ఎక్కువ. రోజుకూలి చేసుకునేవాళ్ళు దాన్ని కొట్లో చూడవలసిందేగాని కొనగలిగేవారు కాదు.

కడలూరుకు చెందిన చిన్నికృష్ణన్‌కు ఇక్కడే ఒక ఆలోచన వచ్చింది. ధనవంతులు వాడే వస్తువు కూలివాడికి కూడా అందాలంటే దాన్ని చిన్న మోతాదులో అమ్మాలి. ద్రవపదార్థాలను చిన్న ప్లాస్టిక్ ప్యాకెట్లలో మూసి అమ్మే ప్రయత్నాలను ఆయన 1970ల నాటికే ప్రారంభించాడు. ఆయన తరువాత కుమారులు ‘వెల్వెట్’ షాంపూను ప్యాకెట్లలో అమ్మారు. వారిలో ఒకరైన సి. కె. రంగనాథన్ విడిగా వచ్చి, 1983లో పదిహేనువేల రూపాయల పెట్టుబడితో ‘చిక్’ షాంపూ మొదలుపెట్టారు. ఆ కంపెనీయే తరువాత కాలంలో కెవిన్‌కేర్ అయింది.

వస్తువు తయారైనంత మాత్రాన అమ్ముడుపోదు. పల్లెల్లో చాలామందికి షాంపూ ఎలా వాడాలో తెలియదు. కంపెనీవాళ్ళు ఊరూరా తిరిగి, ఒక కుర్రవాణ్ణి నలుగురి ముందు కూర్చోబెట్టి, తలకు షాంపూ రుద్ది చూపించేవారు. తల ఆరిన తరువాత జుట్టును తాకి చూడమనేవారు, వాసన చూడమనేవారు. ఇంకొక పథకం కూడా పెట్టారు. ఏ కంపెనీవైనా సరే, అయిదు ఖాళీ షాంపూ ప్యాకెట్లు తెస్తే ఒక చిక్ ప్యాకెట్ ఉచితం. కొంతకాలం గడిచి జనానికి అలవాటు పడిన తరువాత, చిక్ ప్యాకెట్లు తెస్తేనే ఇస్తామన్నారు. అమ్మకాలు ఒక్కసారిగా పెరిగాయి.

ఈ పథకంలో ఒక విశేషాన్ని గమనించండి. ఖాళీ ప్యాకెట్‌కు ఒక విలువ కట్టారు. విలువ ఉన్నన్నాళ్ళూ జనం దాన్ని దాచి, లెక్కపెట్టి, కొట్టుకు తిరిగి తెచ్చారు. చిన్న ప్యాకెట్లను వెనక్కి సేకరించడం అసాధ్యమని ఇవాళ ఎవరైనా అంటే ఈ ఉదాహరణ చెప్పవచ్చు. అయితే అది అమ్మకం పెంచడానికి పెట్టిన పథకమేగాని చెత్త తగ్గించడానికి పెట్టినది కాదు. పథకం ఆగిన రోజునే ఖాళీ ప్యాకెట్ మళ్ళీ చెత్త అయిపోయింది.

ఇక ప్రకటనల సంగతి చూద్దాం. మనదేశంలో తొలి వార్తాపత్రిక 1780లో జేమ్స్ అగస్టస్ హికీ కలకత్తాలో నడిపిన ‘బెంగాల్ గెజెట్’. అందులోనూ ప్రకటనలు ఉన్నాయి. ఫలానా వస్తువు ఫలానాచోట అమ్మకానికి ఉందని తెలియజేయడం ఆ కాలపు ప్రకటనల ముఖ్యమైన పని. వివిధభారతిలో వ్యాపార ప్రకటనలు 1967లోనూ, దూరదర్శన్‌లో 1976లోనూ ప్రారంభమయ్యాయి. పాట, బొమ్మ, కదలిక తోడైన తరువాత ప్రకటన సమాచారం ఇవ్వడంతో ఆగలేదు, కోరికను పుట్టించడం నేర్చుకుంది.

షాంపూ ప్రకటన ఒకటి గుర్తు తెచ్చుకోండి. జుట్టు నెమ్మదిగా గాలిలో ఊగుతుంది. నలుగురూ తిరిగి చూస్తారు. తల శుభ్రంగా ఉందా అని అది మనల్ని అడగదు. ‘నీ జుట్టు ఇలా మెరుస్తోందా? నిన్ను ఎవరైనా ఇలా తిరిగి చూస్తున్నారా?’ అని అడుగుతుంది. మొదటి ప్రశ్నకు కుంకుడుకాయ కూడా జవాబు చెప్పగలదు. రెండవ ప్రశ్నకు అది చెప్పలేదు. అలాగే తెల్లని నురుగును తెరనిండా చూపిస్తారు. నిజానికి నురుగు ఎక్కువ వచ్చినంత మాత్రాన మురికి ఎక్కువ పోదు. నురుగే శుభ్రతకు గుర్తు అని మన కళ్ళకు అలవాటు చేసింది ప్రకటనే. తమాషా ఏమంటే, కుంకుడుకాయను పాతకాలపుదని పక్కకు నెట్టిన వ్యాపారమే ఇప్పుడు కుంకుడు, శీకాయల బొమ్మలను ప్యాకెట్ల మీద వేసి మళ్ళీ మనకే అమ్ముతోంది.

ప్రకటనలో చూపేవాటికన్నా చూపనివాటిని గమనించడం ముఖ్యం. ప్యాకెట్‌ను చింపడం చూపిస్తారు. చింపిన ప్యాకెట్ ఎక్కడికి పోయిందో చూపించరు. తరువాతి దృశ్యంలో అది ఉండదు. కాలువలో ఉంటుంది, పశువు కడుపులో ఉంటుంది, చెరువు గట్టున ఉంటుంది. కాని ప్రకటనలో ఉండదు. నా ఉద్దేశంలో వాడి పారేసే వస్తువుల ప్రకటనలన్నింటిలోనూ ఉన్న కిటుకు ఇదే. అబద్ధం చెప్పనక్కరలేదు, ఒక దృశ్యాన్ని వదిలేస్తే చాలు.

పారేయడాన్ని ఒక సుఖంగా చూపించిన సందర్భాలు కూడా ఉన్నాయి. అమెరికాలోని ‘లైఫ్’ పత్రిక 1955 ఆగస్టులో ఒక ఛాయాచిత్రం వేసింది. తల్లి, తండ్రి, బిడ్డ చేతులు పైకెత్తి నవ్వుతుంటారు. వారి చుట్టూ కాగితపు పళ్ళేలు, కప్పులు, చెంచాలు గాలిలో ఎగురుతుంటాయి. వాటన్నింటినీ కడగాలంటే నలభై గంటలు పడుతుందనీ, ఏ గృహిణీ ఇక ఆ శ్రమ పడనవసరం లేదనీ ఆ పత్రిక సంతోషంగా రాసింది. ఇంతకన్నా ముందే, 1924లో, ప్రపంచంలోని పెద్ద బల్బుల కంపెనీలు జెనీవాలో ఒక ఒప్పందం చేసుకున్నాయి. అంతకుముందు పదిహేనువందల గంటలూ, అంతకు మించీ వెలిగే బల్బు ఇకమీదట వెయ్యి గంటలకే పరిమితం కావాలన్నది దాని సారాంశం. నమూనాలు పరీక్షించి, ఎక్కువ కాలం వెలిగే బల్బులు చేసిన కంపెనీకి జరిమానా వేసేవారు. వస్తువు మన్నితే వ్యాపారికి నష్టం అన్న లెక్క అంత పాతది. రెండవ ప్రపంచయుద్ధం వచ్చాకగాని ఆ ఒప్పందం కుప్పకూలలేదు.

మన భాషలో ‘పారేయడం’ అంత మంచి మాట కాదు. డబ్బు పారేసుకున్నాడంటే తిట్టినట్లే. వస్తువును నిలబెట్టుకోవడానికి మాత్రం మనకు బోలెడు మాటలున్నాయి. చిరిగిన బట్టకు మాసిక వేస్తాం. చిల్లిపడిన బిందెకు మాటు వేయిస్తాం. ఇత్తడిగిన్నెకు కళాయి పూయిస్తాం. పాతచీరలు కలిపి బొంత కుడతాం. స్వదేశీ ఉద్యమకాలంలో రాజమండ్రిలో పుట్టిన రత్నం కలాలను ఇప్పటికీ చేతితో తయారుచేస్తున్నారు. పాళీ అరిగితే పాళీ మార్చుకోవచ్చు, కలం మాత్రం నిలుస్తుంది. ఇప్పుడు ‘యూజ్ అండ్ త్రో’ కలాలు దొరుకుతున్నాయి. పారేయమనే ఆజ్ఞ వస్తువు పేరులోనే ఉంది, అది మనకు గొప్ప సదుపాయంగా వినిపిస్తోంది. మాటు వేసేవాళ్ళు, కళాయి పూసేవాళ్ళు వీధుల్లో కనబడకపోవడంతో ఆ మాటలు కూడా మీలో కొందరికి కొత్తగా ఉండవచ్చు.

‘మరి పూర్వం మనవాళ్ళు ఏమీ పారేయలేదా?’ అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. పెళ్ళి భోజనంలో విస్తరాకు ఒక్కసారి వాడి పారేసేదే కదా! ఒడిశా, ఆంధ్ర మన్యప్రాంతాల అడవుల నుంచి వచ్చే అడ్డాకులతోనూ, మోదుగాకులతోనూ కుట్టిన విస్తళ్ళు వేలకొద్దీ పారేసేవారు. కాని పారేసిన విస్తరిని ఆవు తింటుంది. ఆవు తినకపోతే మట్టి తింటుంది. పారేయడం పాత అలవాటే. ఎవరూ తినలేనిదాన్ని పారేయడం కొత్త అలవాటు.

చిన్న మోతాదులో కొనడం కూడా ప్యాకెట్‌తో మొదలైంది కాదు. పూర్వం పేదవాడు సీసా తెచ్చుకుని కొట్లో చిన్న గిద్దెడు నూనె పోయించుకునేవాడు. పప్పు, చింతపండు, మిరపకాయలు పాతకాగితంలో పొట్లం కట్టి, దారం చుట్టి ఇచ్చేవారు. రోజుకు సరిపడా కొనుక్కునే వీలు ఆ రోజుల్లోనూ ఉంది. ప్యాకెట్ కొత్తగా తెచ్చింది చిన్న మోతాదును కాదు, మూతపడిన ప్లాస్టిక్‌నూ దానిమీది పేరునూ.

అయితే ఆ మూతవల్ల లాభం కూడా ఉంది. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బలురక్కసి గింజల నూనె కలవడం వల్ల అరవైమందికి పైగా చనిపోయారు, వేలమంది జబ్బుపడ్డారు. బలురక్కసి అంటే బంజరు నేలల్లో పసుపుపూలు పూసే ముళ్ళమొక్క. మీరు చూసే ఉంటారు. ఆ దుర్ఘటన తరువాత వంటనూనెలను విడిగా అమ్మడంపై ప్రభుత్వం ఆంక్షలు విధించింది. కల్తీకి భయపడే తల్లి మూత తీయని ప్యాకెట్‌ను నమ్మడం అజ్ఞానం కాదు. వంటనూనెకు సీలు కావాలి. మరి ఒక్కసారి తలంటుకునే చెంచాడు షాంపూకు కూడా అంతటి కవచం కావాలా? ఈ రెండింటినీ వేరుచేసి ఆలోచించడం మనం నేర్చుకోవాలి. ప్రకటన ఎప్పుడూ ఆ రెండింటినీ కలిపే చూపుతుంది.

ఆ కవచం ఎలాంటిదో చూద్దాం. షాంపూ ప్యాకెట్‌ను పట్టుకుంటే ఒకే పొరలాగా అనిపిస్తుంది. నిజానికి అందులో రెండు మూడు పొరలు అతికి ఉంటాయి. పైపొర మీద రంగుల అచ్చు వేస్తారు. గాలి, తేమ చొరకుండా చాలా ప్యాకెట్లలో అల్యూమినియం రేకు గాని, లోహపు పూత గాని ఉంటుంది. లోపలి పొర వేడికి కరిగి అంచులను మూసే ప్లాస్టిక్. ఇవన్నీ కలిసి సరుకును చక్కగా కాపాడతాయి. కాని ఒకసారి అతికించిన పొరలను మళ్ళీ విడదీయడం చాలా కష్టం. విడదీయకుండా వాటితో మంచి కొత్త వస్తువు చేయడం కష్టం. విడదీయడానికయ్యే ఖర్చు ముందు వచ్చే ప్లాస్టిక్ విలువ ఎందుకూ చాలదు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేయండి. ఇంట్లో నలుగురు. ఒక్కొక్కరు వారానికి రెండుసార్లు తలంటుకుంటారు. ప్రతిసారీ ఒక ప్యాకెట్. వారానికి ఎనిమిది, సంవత్సరానికి 416. యాభై ఇళ్ళున్న వీధికి 20,800. ఇది షాంపూ ఒక్కటే. మనదేశంలో అమ్ముడయ్యే షాంపూలో సగానికి పైగా ప్యాకెట్ల ద్వారానే పోతుంది కాబట్టి ఈ లెక్క ఊహకు అందనిది కాదు. ఆ ఇరవైవేల ప్యాకెట్లను ఏరి ఎత్తేది పారిశుద్ధ్య కార్మికులు. వాన పడినప్పుడు మురుగుకాలువలో అడ్డుపడిన ప్యాకెట్లను తీసేదీ వారే. ఒక్క రూపాయిలో షాంపూ ఖరీదు ఉంది, ప్యాకెట్ తయారీ ఖరీదు ఉంది, ప్రకటన ఖర్చు కూడా ఉంది. కాలువ శుభ్రం చేసిన మనిషి కూలి మాత్రం అందులో లేదు. దాన్ని పురపాలక సంఘం, అంటే మనమందరం, వేరే చోట చెల్లిస్తున్నాం. షాంపూ వాడనివాళ్ళు కూడా చెల్లిస్తున్నారు.

చట్టాలు లేకపోలేదు. 2016లో కేంద్రప్రభుత్వం ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలు తెచ్చింది. గుట్కా, పొగాకు, పాన్‌మసాలాలను ప్లాస్టిక్ ప్యాకెట్లలో అమ్మరాదని అందులో ఉంది. తిరిగి వాడుకోవడానికి పనికిరాని బహుళపొరల ప్లాస్టిక్‌ను రెండేళ్ళలో మానుకోవాలని కూడా ఉంది. రెండేళ్ళూ గడిచాయి. 2018లో ఆ నియమాన్ని సవరించారు. తిరిగి వాడుకోవడానికి వీలులేనిదో, మండించి శక్తి పొందడానికి వీలులేనిదో, మరే ఉపయోగమూ లేనిదో అయితే మానుకోవాలని రాశారు. ఒకటి రెండు మాటలు చేరడంతో అర్థం ఎంత మారిందో చూడండి. ప్యాకెట్లను సిమెంటు బట్టీలలో బొగ్గుతోపాటు కాల్చవచ్చు. కాల్చడానికి వీలుంది గనుక అది ‘పనికివచ్చే’ వస్తువే అని వాదించవచ్చు. భాషను శ్రద్ధగా చదవడం తెలుగు పరీక్షకోసమే కాదని మీకు ఇక్కడ తెలుస్తుంది. 2022 జూలై 1 నుంచి కొన్ని ఒక్కసారి వాడే ప్లాస్టిక్ వస్తువులను దేశమంతటా నిషేధించారు. చెవిపుల్లలు, గొట్టాలు, పళ్ళేలు, కప్పులు, మిఠాయి పుల్లలు ఆ జాబితాలో ఉన్నాయి. షాంపూ ప్యాకెట్ లేదు. అమ్మిన కంపెనీలే తమ ప్లాస్టిక్‌కు సమానమైన వ్యర్థాన్ని సేకరించే ఏర్పాటు చేయాలన్న నిబంధన మాత్రం దానికీ వర్తిస్తుంది.

ప్రకటనల మీద కూడా చట్టం ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటన ఇచ్చినవారికి పది లక్షల రూపాయల దాకా, మళ్ళీ అదే తప్పు చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేయవచ్చు. పర్యావరణానికి మేలు చేస్తున్నామని ఆధారం లేకుండా చెప్పుకోకూడదని 2024లో మార్గదర్శక సూత్రాలు కూడా వచ్చాయి. కాని చట్టం అడిగేది ‘ఇది తప్పుదోవ పట్టిస్తోందా?’ అని. చింపిన ప్యాకెట్‌ను చూపకపోవడం అబద్ధం కిందికి రాదు. ఆ దృశ్యాన్ని చూసేవాడే పూరించుకోవాలి.

ఒక పని చేసి చూడండి. మీ దగ్గరి కొట్లో ఒకే రకం షాంపూ ప్యాకెట్ వెల, సీసా వెల రాసుకోండి. దేనిలో ఎన్ని మిల్లీలీటర్లు ఉన్నాయో చూసి, ఒక్కో మిల్లీలీటరు ఎంత పడుతుందో లెక్క వేయండి. పెద్ద సీసాయే చవక అని మీరు అనుకుంటారు. చాలాచోట్ల ప్యాకెట్టే చవకగా తేలుతుంది. పొదుపు చేయాలనుకునే అమ్మ ప్యాకెట్ కొంటోందంటే ఆమె లెక్క తప్పు కాదు. ఆ లెక్కలోకి రాని ఇంకొక వెల తెలియాలంటే పాతసామాన్ల కొట్టుకు వెళ్ళాలి. ఖాళీ సీసాలు ఇస్తే కొట్టువాడు త్రాసులో వేసి ఎంతో కొంత చేతిలో పెడతాడు. అక్కడికే సంచి భుజాన వేసుకుని వచ్చేవాళ్ళు వీధుల్లో సీసాలు, డబ్బాలు, అట్టపెట్టెలు ఏరుకొస్తారు. చెత్తకుప్పలో వాళ్ళ చేయి ఎంత వేగంగా కదులుతుందో ఒకసారి గమనించండి. సీసా దగ్గర ఆగుతుంది, రేకుడబ్బా దగ్గర ఆగుతుంది. మెరుస్తూ కనబడే ప్యాకెట్ల గుట్టను మాత్రం పక్కకు తోసి ముందుకు పోతుంది. ఎన్ని వందలు ఏరితే ఒక కిలో అవుతుందో వాళ్ళకు తెలుసు. ఆ కిలోను కొనేవాడు లేడని కూడా తెలుసు.